బక్కెట్టు, సరస్సు

ఫిబ్రవరి. పెయిప్సి సరస్సు మీద
రెండు జానల మందాన మంచు.
బెజ్జాలు వేసేది నేను, ఉస్తీన్యాని.
పక్కన మా నాన్న తెరెంతీ,
ఎదురు పీట మీద హెల్దుర్ మాస్టారు.
ఇద్దరి వయసూ కలిపితే నూట అరవై ఒకటి.
పొద్దుట్నించీ పడ్డ చేపలు మూడు,
మూడూ నాన్నవే.

దేవుడు లేడని చెప్పడం హెల్దుర్ ఒకప్పటి ఉద్యోగం.
నిజమే, డబ్బులిచ్చేవారు.
సోవియట్ కాలంలో ఊరూరా తిరిగి
ఉపన్యాసానికి అయిదు రూబుళ్ళు, బస్సు చార్జీ వేరే.
మోకాటి లోతు మంచులో మా ఊరికీ వచ్చాడట,
ఉల్లి రైతుల ముందు నిలబడి గంటంబావు మాట్లాడాడట.
చివర్న మా నాయనమ్మ లుకేర్యా లేచి
"ఇంట్లో లేనివాడు లేడని చెప్పడానికి
ఇంత దూరం నడిచొచ్చావా నాయనా,
కాళ్ళు తడిసిపోయాయి, పొయ్యి దగ్గరికి రా" అంది.
ఆరేసిన మేజోళ్ళలో ఒకటి
ఇంకా మా అటక మీదే ఉందని నాన్న ఎగతాళి.

ఇవాళ మళ్ళీ మొదలైంది.
"లేడని రుజువు చెయ్యి చూద్దాం," అన్నాడు నాన్న
గాలానికి పురుగు గుచ్చుతూ.
"నీ బెజ్జంలో చేప పడకపోతే సరస్సులోనే లేనట్టా?
నలభై కోసుల నీళ్ళు. నీ దారమెంత?"

హెల్దుర్ తొందరపడలేదు.
ఫ్లాస్కు మూత బిగించాడు, మీసం మీది మంచు దులుపుకున్నాడు.
"కుందేటికి కొమ్ముల్లేవని చెప్పాలంటే
లోకంలో కుందేళ్ళన్నిటినీ పట్టాలంటావు.
సరే, పట్టలేను, ఒప్పుకున్నాను.
కానీ ఇదుగో, నా బక్కెట్టు.
చెయ్యి పెట్టి దేవుతాను. చేప లేదు.
లేదంటే లేదే. దానికోసం సరస్సంతా ఈదక్కర్లేదు.
ముందు నువ్వు తేల్చు తెరెంతీ,
నీ దేవుడుండేది బక్కెట్టులోనా, సరస్సులోనా?
ఉల్లి మళ్ళ మీద వడగళ్ళు పడనివ్వకని మొక్కేటప్పుడు
చెయ్యి చాపితే అందే బక్కెట్టులో ఉంటాడు.
పడ్డాక నేనొచ్చి అడిగానా,
సరస్సులోకి దూకేస్తాడు."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నాన్న చాలాసేపు నీళ్ళలోకి చూశాడు.
రెండు వేళ్ళతో శిలువ గుర్తు వేసుకునే జనం మేము,
మూడో వేలు కలపమన్నందుకు
ఊళ్ళొదిలి ఈ ఒడ్డు చేరినవాళ్ళ పిల్లలం.
ఆ రెండు వేళ్ళూ ఇప్పుడు దారం మీదున్నాయి, కదలకుండా.
"బక్కెట్టు నేనూ దేవాను," అన్నాడు.
"వవీలా మంచు కిందికి పోయిన ఏడు.
అడుగుదాకా చెయ్యి పెట్టాను.
నువ్వన్నదే నిజం."

వవీలా మా తమ్ముడు.

గెలిచాక ఏం చెయ్యాలో హెల్దుర్‌కి తోచలేదు.
నాలుగు వందల ఉపన్యాసాల్లో ఎక్కడా
అవతలివాడు ఒప్పేసుకుంటే అనాల్సిన మాట రాసుకోలేదు.
ఆ ఏడు పదకొండు రోజులు
బెజ్జం వెంట బెజ్జం తవ్వింది ఆయనే,
అందరూ ఇళ్ళకెళ్ళాక కూడా.

"మరి ఆదివారం ప్రార్థనకెందుకు పోతావు?"
ఉపన్యాసం గొంతు కాదది.
"బక్కెట్టు ఖాళీగా ఉన్నా కడుక్కోవాలి కదా."
"అది వాదన కాదు, తెరెంతీ."
"కాదు," అన్నాడు నాన్న.

చీకటి పడుతోంది. బెజ్జాల మీద అప్పుడే పల్చటి పొర.
రాత్రి మంచు కురిస్తే
ఇక్కడ చిల్లుందని ఎవరూ పోల్చుకోలేరు.
హెల్దుర్ ఫర్ కొమ్మ తెచ్చి పక్కన గుచ్చాడు,
నాన్న దాన్ని ఊపి చూసి
ఇంకాస్త లోతుకి దిగ్గొట్టాడు.

చేపల్లో ఒకటి మాస్టారికిచ్చాం.
పెద్దది కాదు, మధ్యది.