పట్టూ విడుపూ

నలభై నాలుగు వేలన్నాడు డాక్టర్ ఎలంగో.
బానెట్ ఎత్తితే ఎలుకల గూడు.
దానికో రెండు వేలు తగ్గించాడు.

రెండే సీట్లు. గుడ్డ పైకప్పు. ఒకప్పుడు ఎరుపు.
పందొమ్మిదేళ్ళప్పుడు షోరూము అద్దంలోంచి దీన్ని చూస్తూ
కాలేజీ బస్సు పోగొట్టుకున్నాను.
ఇప్పుడు పెరంబూర్‌లో కట్టుడు పళ్ళు చేస్తాను,
అరమిల్లీమీటరు తేడాకి జనం నన్ను తిడతారు.

పదకొండేళ్ళు కొట్టివాక్కంలో నిలబడి ఉందట.
సముద్రం పక్కన ఇనుము ఊరికే ఉండదు.
పైన ఫైబరు ఒళ్ళు, దానికేం కాలేదు.
కింద చట్రం మాత్రం
వేలితో నొక్కితే అక్కడక్కడా అప్పడం.
ట్యాంకు మూత తీస్తే వార్నిష్ కంపు.

వారానికే పార్కింగు గోడమీద నోటీసు పడింది:
పాత సామాను ఉంచరాదు. ఇట్లు, సుందరవదనం, సెక్రటరీ.
దాని కింద పెన్నుతో రాశాను:
ఇది సామాను కాదు, కారు.
మర్నాటికి ఇంకెవరో రాశారు: రుజువేది?

మొదటి బోల్టు బ్రేకు దగ్గరిది. రానంది.
నూనె పోసి మూడు రాత్రులు నానబెట్టాను, పెసలు నానబెట్టినట్టు.
ల్యాబులో మైనం కరిగించే చిన్న మంట తెచ్చి చూపించాను.
చివరికి బలం పెట్టాను.
బోల్టు తల అరిగింది, నా మణికట్టు బెణికింది.

పుదుపేటలో సత్తార్ భాయ్ నవ్వాడు.
"ఈ బండికి పార్టులా?
ఇలాంటిదొకటి చేశామని కంపెనీవాడికే గుర్తులేదమ్మా."
నా వాటర్ పంపుని కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి
గుట్టలోంచి ఇంకోటి లాగాడు.
"ఇది వేరే బండిది. మీ బండికి తెలియనివ్వకండి."
బోల్టు సంగతి చెప్తే
గాల్లో స్పానరు తిప్పి చూపించాడు:
పావు చుట్టు విప్పు, వీసమెత్తు మళ్ళీ బిగించు,
మళ్ళీ పావు. విప్పడానిక్కూడా బిగించాలి.
అతను చెప్పింది అరవంలో,
నాకు వినబడింది పట్టూ విడుపూ అని.

పట్టు నాకు తెలుసు.
ఓ జత గాజుల గురించి చెల్లెలు హైమతో
నాలుగేళ్ళుగా మాటల్లేవు.

ఆదివారాలన్నీ కారు కిందే.
నాలుగో అంతస్తు యాళిని, ఎనిమిదో తరగతి, టార్చి పట్టేది.
నేను చూసేచోటికి కాదు,
తను చూడాలనుకున్నచోటికి.
పది నంబరు స్పానరు రోజూ మాయమయ్యేది,
రోజూ నా నడుము కిందే దొరికేది.
రాత్రి అన్నం కలిపితే వేళ్ళకి గ్రీజు వాసన.
నిమ్మతొక్క రుద్దినా పోలేదు.
పోవాలని గట్టిగా రుద్దనూ లేదు.

ఏడో నెల, పొద్దున్నే ఐదున్నర.
దగ్గింది. ఆగింది.
మళ్ళీ దగ్గి, సైలెన్సర్లోంచి
ఎలుకలు దాచిన పీచంతా రోడ్డు మీదికి కక్కి
అందుకుంది.
మూడంతస్తుల్లో లైట్లు వెలిగాయి.
సుందరవదనం గారు బనీనుతో, కాఫీ గ్లాసుతో దిగొచ్చారు.
ముప్ఫై రెండేళ్ళు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేశారని
నాకప్పటిదాకా తెలియదు.
చెవి వంచి విన్నారు.
"బెల్టు కీచుమంటోంది. చూసుకోండి" అని
మెట్లెక్కి వెళ్ళిపోయారు.

గేటు దాటి పేపర్ మిల్స్ రోడ్డు.
ఎంత కిందికి కూర్చున్నానంటే
పక్కన ఆగిన బస్సు టైరే ఒక గోడ.
మూడో గేరులో పైట ఎగిరి మొహానికి చుట్టుకుంది,
తీయడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

సరిగ్గా బస్టాపు ముందు ఆగిపోయింది.
అడక్కుండానే నలుగురు వచ్చి తోశారు.
వాళ్ళలో ఒకతను, కండక్టరు బ్యాగుతో,
తోస్తూ తోస్తూ, "దీనికి పార్టులు దొరుకుతాయా?"
దొరుకుతాయన్నాను. ఫ్యూజు మార్చాను.

అన్నీ బిగించాక ఒక బోల్టు మిగిలింది.
ఎక్కడిదో తెలియదు.
"అది లేకపోయినా నడుస్తోంది కదా" అంటుంది యాళిని.
పర్సులో వేసుకు తిరుగుతున్నాను.

పక్కసీట్లో స్పానర్ల పెట్టె. దానికీ బెల్టు పెట్టాను.
హైమ ఎక్కితే దాన్ని ఒళ్ళో పెట్టుకోవాలి.
డిక్కీలో చోటు లేదు.