తొమ్మిది అడుగులు

ఉత్తర డకోటాలో అక్టోబర్ అంటే బీట్‌దుంపలు.
పగలూ రాత్రీ లారీలే. వాటి చక్రాలు ఈడ్చుకొచ్చిన బురదకి
రోడ్డంచున తెల్లగీత సగం కనబడదు.
రాత్రి ఒంటిగంటా పది.
నేనా పికప్‌ని ఆపింది తాగాడని కాదు,
వెనక ఎడమ దీపం వెలగట్లేదని.
మైలు దూరం వెంట వెళ్ళాను. రెండుసార్లు గీత తొక్కాడు.
ఆ గాలికి నేనూ ఒకసారి తొక్కాను.

అద్దం దించాడు. పొగాకు, డీజిలు, తడిమట్టి.
ఇంకో వాసన కోసం నా ముక్కు వెతికింది.
నాకు జీతమిచ్చేది అందుకే.
ఆర్డెన్ హౌగ్రూడ్, యాభై ఎనిమిదేళ్ళు.
లైసెన్సు చూడక్కర్లేదు,
ఆ పేరు మీదున్న ఫైలు మా ఆఫీసులో
నా లంచ్ డబ్బా అంత మందం.

"ఏమైనా తాగారా?"
"ఈ రాత్రా?" అన్నాడు.
ఆ మాట ఎలా రాసుకోవాలో తెలీక రాసుకోలేదు.

దిగమన్నాను.
పెన్ను ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని
తల కదపొద్దు, చూపు మాత్రం దీని వెంట రావాలన్నాను.
నా బండి దీపాలు ఎరుపూ నీలమూ
ఆ కళ్ళలో వంతులేసుకుని ఆడుతున్నాయి.
అదిరింది కనుపాపో దీపమో
ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను.

"మడమకి బొటనవేలు ఆనిస్తూ తొమ్మిది అడుగులు.
పైకి లెక్కపెట్టండి. తిరిగి మళ్ళీ తొమ్మిది."
ఒకటి, రెండు...
పదిహేడు గంటలు లారీ తోలిన మోకాళ్ళు.
నాలుగో అడుగు దగ్గర చెయ్యి గాల్లోకి లేచింది,
పట్టుకోడానికి అక్కడ గోడ లేదు, గుమ్మం లేదు.
ఏడో అడుగు గీత దాటి పడింది.
తిరగబోతే బూటు కింద దుంపముక్క చితికి జారింది.
"ఇది కూడా లెక్కేనా?" అన్నాడు,
వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నా చీటీలో మూడు టిక్కులు.
రెండు చాలు.

ఊదే మిషను చలికి పనిచెయ్యదు.
కోటు లోపల చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాను,
కోడిపిల్లని పెట్టుకున్నట్టు.
"ఆగొద్దు. ఊదండి, ఊదండి, ఊదండి."
కళ్ళు మూసుకుని బుగ్గలు పొంగించి ఊదాడు
తనకెవరో పుట్టినరోజు కేకు తెచ్చినట్టు.

సున్నా. చుక్క. సున్నా సున్నా సున్నా.

మళ్ళీ ఊదించాను. నేను అంత మంచిదాన్నేం కాదు.
మళ్ళీ సున్నాయే.

తెర అతనివైపు తిప్పాను.
జేబులన్నీ తడుముకుని కళ్ళజోడు తీసి
పెట్టుకుని చూశాడు.
"దీనికి కాగితం వస్తుందా?"
"రాదు. ఇది చేతి మిషను."
"నలభై మూడు రోజులు" అన్నాడు కాసేపాగి.
"ఇంట్లో నమ్మట్లేదు. వాళ్ళ తప్పేం లేదు."

శిక్షణలో ఇది మాకెవరూ నేర్పలేదు.
దీపం బాగుచేయించుకోమనే హెచ్చరిక చీటీ రాసి
దాని వెనక, బానెట్ మీద ఆనించి,
తారీఖు, టైము, సున్నా చుక్క సున్నా సున్నా సున్నా,
అదే ఇంకోసారి,
కింద బ్యాడ్జి నెంబరు, సంతకం.
గాలికి కాగితం కొట్టుకుని సంతకం వంకరపోయింది.
చూసినవాళ్ళు నేనే తాగి రాశాననుకోవచ్చు.

మడిచి టోపీ అస్తరులో దోపుకున్నాడు.
గంట పడుకుని గానీ కదలొద్దన్నాను.
నిద్ర కూడా మనిషిని చంపుతుంది, దానికి మిషను లేదు.
టోపీ ముఖం మీదికి లాక్కుని, రెండో నిమిషంలో గురక.

వెనక నా దీపాలు వెలుగుతూనే ఉంచాను.
చెయ్యడానికి ఏమీ లేక దిగి
మడమకి బొటనవేలు ఆనించాను.
ఆరో అడుగుకి తప్పింది.
టిక్కు పెట్టడానికి అక్కడెవరూ లేరు.

రేడియోలో అడిగారు, ఏం కేసు, ఇంతసేపు?
దీపం, అన్నాను.