ఎడంగా పేనిన తాడు

అంబాజీపేట కాలవగట్టు, పీచు షెడ్డు.
ఒడిలోంచి పీచు వదులుతూ
వెనక్కి నడుస్తూనే అడిగింది కాసులమ్మ:
"అంత దూరం పోయి ఏం నొక్కుతారండీ మీరు?"

నువ్వుగింజకన్నా చిన్న పలుకు, అన్నాను.
సీరియం, రోడియం, ఇండియం కలిసిన బూడిదరంగు స్ఫటికం.
రెండు వజ్రాల మొనల మధ్య పెట్టి
ఇరవై వేల వాతావరణాల బరువెక్కిస్తాం.
"గానుగలో కొబ్బరిలాగానా?"
ఆయ్. కాకపోతే నూనె రాదు.

అందులో ఎలక్ట్రాన్లు
దమ్ము చేసిన చేలో నడిచే మనుషులు.
అడుగు తీస్తే కాలితోపాటు చేనూ లేస్తుంది.
ఒంటి బరువు అదే,
నడక బరువు వందల రెట్లు.

చలి ముదిరితే లోపలి చిన్న అయస్కాంతాలు
ఒకటి పైకి, పక్కది కిందికి
మొహాలు తిప్పుకుని బిగుసుకుంటాయి.
అప్పుడు నొక్కుతాం.
మరకి పావుచుట్టు, మళ్లీ పావుచుట్టు.
పంతం సడలుతుంది.
పోటుకీ ఆటుకీ మధ్య
ఎటు పోవాలో తేలక పాయలో నీళ్లు ఊగుతాయే,
అలాంటి ఊగిసలాట.
ఆ ఊగడమే రెంటిని జత కడుతుందని మా అనుమానం.

"జతంటే, అంటుకునా?"
కాదు. ఒకదానంటే ఒకటి పడదు వాటికి.
ఎడం తప్పకుండానే జత.

కాసులమ్మ నవ్వలేదు.
ఇరవై బారల అవతల రాట్నం దగ్గర ఏసుమణి.
కుళాయి దగ్గర బిందె తగాదా నాటినుంచి
పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.
ఆవిడ తిప్పుతుంది, ఈవిడ నడుస్తుంది.
మధ్యలో తాడు,
కోపం ఎంత పొడుగో అంత పొడుగు,
ఎక్కడా పీచు లేవకుండా.
నర్సాపురం పడవలవాళ్లు వీళ్లు పేనిందే అడిగి మరీ పట్టుకెళతారు.
నిరుడు తుఫానుకి సగం షెడ్డు ఎగిరిపోతే
ఇద్దర్నీ నాలుగు బారల్లో సర్దుకోమన్నారు.
నెలంతా గడ్డల తాడే.

"మరీ ఎక్కువ నొక్కేస్తే?"
జత విడిపోతుంది. మళ్లీ మామూలు లోహం.
పోతే వజ్రమూ పోతుంది. నావి మూడు పగిలాయి.

మొదటిసారి నిరోధం సున్నాకి పడిన రాత్రి
కాఫీ చల్లారిపోయింది,
నేను తీగ తెగిందనుకున్నాను.
పొద్దుటిదాకా అతుకులే వెతికాను.
ఏ అతుకూ ఊడలేదు.
అంత బరువు మోసేవి
అలుపన్నది లేకుండా పోతున్నాయంతే.

"ఎలా కుదురుతుందండీ మరి, పడనివాటికి?"
పూర్తిగా తెలీదు, అన్నాను.
ఇన్నేళ్లయినా ఎవరికీ.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి
తాడుని బొటనవేలితో ఒకసారి మీటింది.
"మాకూ తెలీదండి," అంది.

మాకూ, అంది.

అవతల రాట్నం ఒక్క క్షణం ఆగి
తిరిగింది.
వినపడే దూరం కాదు.