కన్ను విచ్చేదాక

రెండు ఫోన్లు, మూడు సిమ్ములు.
ఒకటి చెవికీ భుజానికీ నడుమ ఇరికి,
ఒకటి స్కూటర్ డిక్కీల మొత్తుకుంట.
జడ్చర్ల చౌరస్త కాడ
ఎర్రలైటు పడ్డదంటే ఓ ప్లాటు బేరం,
పచ్చలైటు పడ్డదంటే ఓ చిట్టీ బాకీ.
పొద్దుగాల బాదేపల్లి మార్కెట్ల పల్లికాయ రేటు,
పగటీలి పాలసీ సంతకాలు,
రాత్రి పదింటికి, అన్నం ముంగట,
"ఒక్క నిమిషం" అని నేను లేసిపోతే
పప్పు మీద పొర కట్టేది.
పారిజాత ఏమీ అనకపోయేది.
ఆ అననిదంతా
వడ్డీ లెక్క పెరుగుతనే ఉండె.

బాలానగర్ దాటినంక, పెద్దరోడ్డు పక్కన,
లారీల దుమ్ముల గంప పెట్టుకొని కేస్లి.
"నాలుగు సీతాఫలాలియ్యి, జల్దియ్యి,
ఇప్పుడే తినేటివి" అన్న, బండి దిగకుండ.
ఆమె నా దిక్కు చూడలే.
ఓ కాయను అరచేతుల తిప్పి తిప్పి
"కన్ను విచ్చలే సేటూ. రెండొద్దులు ఆగాలె" అన్నది.
"నాకు రెండొద్దులు లేవమ్మా."
"కాయకున్నయి కదా" అన్నది.

ఇంటికి తెచ్చి బియ్యం డబ్బల కప్పెట్టిన.
కప్పెట్టి ఊకుంటనా?
ఫోనుకూ ఫోనుకూ నడుమ తీసుడు, ఒత్తుడు, మల్ల పెట్టుడు.
తెల్లారేసరికి
ఒత్తిన కాడల్లా నల్లబడ్డది.
ఎంతమందితోని ఏలిముద్రలు ఏయించిన్నో,
ఇది నాది.

మూడోది మాత్రం పారిజాత దాచింది, నాకు దొరకకుండ.
దానికి దానికే పగిలింది,
ఎవరో లోపలినుంచి తలుపు తీసినట్టు.
రెండు చేతులూ జిగటజిగట.
ఫోను మోగింది.
ఎత్తుదామంటే చేతుల్లేవు.
మోగీ మోగీ అదే అలిసిపోయింది.

సీతాఫలాన్ని ఎవ్వడూ ఆగమాగం తినలేడు.
ప్రతి తొనకూ ఓ గింజ,
ప్రతి గింజకూ నాలిక ఆగాలె,
తియ్యదనాన్ని ఒలిచి
నల్లటి నున్నటి దాన్ని బయట పెట్టాలె.
ఆ పొద్దు అరుగు మీద
ఇద్దరం ఒక్క పండును అర్ధగంట తిన్నం.
మాటలు తక్కువ. ఉమ్ముడే ఎక్కువ.

ఒక్క రోజుల ఏదీ ఇడిచిపెట్టలే నేను.
చిట్టీ ఆఖరి పాట అయినంక కొత్తది ఎత్తలే.
వెంచర్ల రంగు కాగితాలను
పారిజాత వంటింటి అరల్ల పరిచింది,
గేటెడ్ కాలనీ మీద ఇప్పుడు
మా కందిపప్పు డబ్బ కాపురముంటది.
ఓ సిమ్ము ఇరిచిన.
చప్పుడు గూడ కాలే,
ఇన్నేండ్లు అంత చప్పుడు చేసింది.
పల్లికాయ దుకాణం మాత్రం ఉంచుకున్న.
బామ్మర్ది మొగులయ్య మెల్లగ అడిగిండు:
"ఏమైంది బావా, షుగరొచ్చిందా?
డాక్టరు బంద్ చెయ్యమన్నడా?"

నెలకు పదకొండు వేలు తగ్గినయి.
అబద్ధమెందుకు,
ఆ లెక్క ఇప్పటికీ నడిరాత్రి నన్ను తట్టి లేపుతది.
మోగని ఫోను కోసం
చెయ్యి జేబులకు పోయి ఉత్తగ తిరిగొస్తది.
శాంతి అంటే ఏందో అనుకున్న గని,
మొదట్ల అది
పక్కింట్ల మిక్సీ చప్పుడంత మామూలుగుంది.
ఆ చప్పుడు ఇరవయ్యేండ్లుగ ఉన్నదట,
నాకిప్పుడే ఇనబడ్డది.

పప్పు మీద పొర కట్టుతలేదు.
పారిజాత ఇప్పుడు అననియ్యన్నీ అంటున్నది,
ఒకటొకటిగ, పాత బాకీ వసూలు చేసినట్టు.
ఇంటున్న.
కొన్నిటికి జవాబు లేదు. ఇంటున్న.

దసరా దగ్గరికొచ్చింది.
అదే రోడ్డు, అదే గంప.
బండికి స్టాండేసి, కేస్లి పక్కన
గొంతుకు కూసున్న.
"ఈసారి ఎన్నొద్దులున్నయి సేటూ?"
ఏం చెప్పాలె.
ఓ కాయ తీసుకున్న,
ఒత్తలే,
ముక్కు కాడ పెట్టుకున్న.