వానకొలత

నెలకి ఆరొందలు.
పని చిన్నదే. జాగ్రఫీ డిపార్ట్‌మెంటు వెనక
కంచె లోపల డబ్బా మూత తీసి
రాత్రి పడిందంతా గాజుగొట్టంలోకి వంచి
పొద్దున ఎనిమిదిన్నరకి రిజిస్టర్లో రాయాలి:
తేదీ, మిల్లీమీటర్లు, విశేషాలు.

విశేషాల గడి బొటనవేలంత.
నాకు ముందు రాసినాయన మూడేళ్ళూ
ఆ గడిలో "ఏమీ లేవు" అనే రాసినాడు.
ఒక్కచోట మాత్రం "తేలు" అని.

మాది పుంగనూరు పక్క పల్లె.
మా దగ్గర వాన దూరపు చుట్టం,
విస్తరి వేసేలోపల చెప్పులేసుకుంటుంది.
తిరుపతిలో దాని తీరు వేరే.
ఆషాఢంలో దేశమంతా తడిసిందని పేపర్లో చదువుతాం,
ఇక్కడ మబ్బు కొండ అంచున తల దువ్వుకొని పోతుంది.
జూలైలో గొడుగు కొన్నవాణ్ణి చూసి హాస్టలంతా నవ్వుతుంది.
కార్తీకం రానీ, అప్పుడు చూద్దాం.

వచ్చింది.
ఒక గురువారం గొట్టాన్ని ఎనిమిదిసార్లు నింపి పారబోసినాను,
తొమ్మిదోదా పదోదా అనేకాడ లెక్క తప్పింది.
పారబోసిన నీళ్ళని మళ్ళీ కొలవలేం.
కింది గదుల్లో మోకాటి లోతు.
చెంగల్రాయుడు ట్రంకుపెట్టె వదిలేసి
నాలుగేళ్ళ థీసిస్‌ని సద్దిగంపలా నెత్తిన పెట్టుకొని మెట్లెక్కినాడు.
పరీక్షలు వాయిదా అని వరండాలో కేక,
వెంటనే ఈలలు.
మూడోరోజు కూడా మెస్సులో ఉప్మానే అయ్యేసరికి
ఈలలు వాటంతటవే ఆగినాయి.
ఇంద్రాణి ఫోన్లో రాసింది:
"మిద్దె మీదికి పో. కొండకి తెల్లగీత పడింది."
తడిసిన కాగితాలు దండెం మీద క్లిప్పులకి వేలాడుతుంటే
మధ్యలోంచి చూసినాను కపిలతీర్థం దూకడం.
నలభై ఒకటో పేజీ అప్పటికే
నలభై రెండు మీద అచ్చు పడింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మంచు.
ఆలస్యమైన ప్రతివాడికీ అదే సాకు,
"కొండే కనపడలేదు సార్, క్లాసు ఎట్ల కనపడతాది?"

ఇక ఎండాకాలం, వరసగా సున్నాలు.
రోజూ ఎందుకు సార్ అని అడిగితే
"ఖాళీ వదలొద్దబ్బా.
సున్నా అంటే వాన రాలేదని,
ఖాళీ అంటే నువ్వు రాలేదని" అన్నాడు.
పగలంతా తాగిన ఎండని కొండ
రాత్రంతా మా మీదికి ఊదేది.
దుప్పటి బకెట్లో ముంచి కప్పుకుంటే
ఒక చాప్టర్ చదివేలోపల ఆరిపోయేది.
లైబ్రరీలో కూలర్ ఎదురు బల్ల కోసం
తెల్లారకముందే గేటుకి చెప్పుల వరస.

మే చివర్లో ఒక మాపటేల
ఎర్రటి దుమ్ము లేచి, తలుపులన్నీ ఒకేసారి కొట్టుకొని,
వడగళ్ళు!
చొక్కాలు విప్పి మిద్దె మీద ఎగిరినాం.
ఎవరో బకెట్ మీద దరువేసినారు.
దిగేటప్పుడు మెట్ల మీద రెడ్డెప్ప,
చెవి దగ్గర ఫోను, నోట్లో మాట లేదు.
బంగారుపాళెం దగ్గర వాళ్ళ నాయన కౌలుతోట,
తోతాపురి, కోతకి పదిరోజులు.
"ఎన్ని రాలినాయి?" అన్నాను, తల తుడుచుకుంటూ.
"చెట్టు మీద ఎన్నున్నాయో అడుగు" అన్నాడు.

మర్నాడు పద్నాలుగు పాయింట్ రెండు.
విశేషాల్లో "చల్లబడింది" అని రాసి కొట్టేసినాను.
"గాలి" అని రాసినాను.
గడి దాటి, పక్క తేదీలోకి పోయేట్టు,
"కాయ రాలింది."
సార్ చూసినాడు. పెన్ను మూత తీసినాడు.
మళ్ళీ పెట్టేసినాడు.

జూన్‌లో నా జాగాలోకి వాయల్పాడు పిల్ల షమీమ్.
గొట్టాన్ని కంటికి సమంగా పట్టుకోమన్నాను.
నీళ్ళు అంచున కొంచెం పైకి పాకుతాయి,
అంచుని కాదు, నడుమ పల్లాన్ని చదవాలన్నాను.
నీళ్ళే లేవు. అయినా మోకాళ్ళ మీద కూర్చొని చూసింది.
"సున్నా. విశేషాల్లో ఏం రాయాలన్నా?"

కంచె కిందుగా చీమలు
తెల్లటి గుడ్లు మోసుకొని గోడవైపు పోతున్నాయి.
ఆ పిల్ల అటే చూస్తోంది.
నేను పెన్ను చేతికిచ్చి వచ్చేసినాను.