పూచీ

రువిలో టైపింగ్ సెంటర్ కుర్రాడు
కాగితం నావైపు తిప్పి, సంతకం ఎక్కడో చూపించాడు.
కెజీయా పేరు నా వీసా కింద నుంచి తీసి
సోహార్ ఆసుపత్రి కింద రాసుకునే కాగితం.

ఇరవై రెండేళ్లు దానికి పూచీ నేనే.
రాసుకుంటే నవ్వొస్తుంది,
నా పూచీ ఎవరిదో తెలిసినవాణ్ని.

రాత్రి పది దాటాక, కార్ల మధ్య ఖాళీలో
సైకిల్ సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవాణ్ని.
"వదిలెయ్ నాన్నా" అని అరిచేది.
అరిచినప్పుడు వదల్లేదు.
అరవనప్పుడు ఒకసారి వదిలాను.
దీపస్తంభం దాకా వెళ్లింది,
నేను లేనని తెలిశాకే పడింది.

మొన్న శుక్రవారం ఆరాధనకి రానంది.
సలోమి పెదవి బిగించింది. నేనేమీ అనలేదు.
మోకాళ్ల మీద, దాని పేరు దగ్గర
ఎప్పుడూ "కాపాడు" అనేవాణ్ని;
ఆ రాత్రి వేరే మాట వెతుక్కున్నాను.
దొరకలేదు.

సాయంత్రం బస్సు.
బట్టల మడతల్లో దాచిన పాటల పుస్తకాన్ని
సలోమి మళ్లీ బయటికి తీసింది,
"తీసుకెళ్తావా?" అని అడిగింది.
కెజీయా కాసేపు ఆలోచించి
చేతిసంచిలో పెట్టుకుంది, ఛార్జర్ పక్కన.

బస్సు మలుపు తిరిగింది.
నా కుడిచెయ్యి ఇంకా
సీటు పట్టుకున్నట్టే వంగి ఉంది.