గేటు తీసి ఉంచండి

నీళ్ళ ట్యాంకర్లు పంపే యాప్ ఒకటి,
పదకొండేళ్ళుగా దాని కడుపులోనే నా ఉద్యోగం.
ఎండలు ముదిరితే నిజాంపేట, బాచుపల్లి, మణికొండ
మూడూ ఒకేసారి దాహమని అరుస్తాయి.
మార్చి నుంచి జూన్ దాకా నాకు సెలవు దొరకదు.

మొన్న మెషీన్‌కి చెప్పాను,
బుకింగ్ తెర మొత్తం కొత్తగా రాసిపెట్టమని.
టీ మీద కట్టిన మీగడ పక్కకి తోసేలోపు
రాసేసింది.
నాకైతే మూడు రోజులు, ఒక తలనొప్పి.
అబద్ధమెందుకు, సగం నాకంటే బాగా రాసింది.
పన్నెండు దాటితే తేదీ మారే లెక్క,
ఆరేళ్ళుగా నేను రేపు చూద్దాంలే అంటున్నది,
అడక్కుండానే సరిచేసింది.
కొంచెం కుళ్ళుకున్నాను.

తర్వాత చదవడం మొదలుపెట్టాను, పైకి, గొంతెత్తి.
ఆ అలవాటు ఖుత్బుద్దీన్ సార్‌ది.
అమీర్‌పేటలో రెండో అంతస్తు, కింద జిరాక్స్ మిషన్ల వేడి,
పైన నలభైమందికి రెండు ఫ్యాన్లు.
మా ప్రోగ్రాములు ప్రింటు తీసుకొచ్చి
రేడియోలో వార్తల్లా చదివేవారాయన.
"డేటా టూ" అని కనబడితే ఆగి,
కళ్ళద్దాలు నుదుటికెక్కించి అడిగేవారు:
"ఇది ఎవరి బిడ్డమ్మా? పేరెందుకు పెట్టలే?"
నవ్వేవాళ్ళం.
ఇంటికెళ్ళి పేర్లు పెట్టేవాళ్ళం.

మెషీన్ పిల్లలందరికీ పేర్లున్నాయి.
స్నానం చేయించి, తల దువ్వి, వరసలో నిలబెట్టింది.
ఎక్కడా నాలుక తట్టుకోలేదు,
చదువుతున్నంతసేపూ
ఒక్క మనిషీ గుర్తుకు రాలేదు.

బుకింగ్ అవగానే తెరమీద రంగు కాగితాలు రాలతాయట.
"అభినందనలు! మీ అభ్యర్థన విజయవంతంగా సమర్పించబడింది!"
సమర్పించబడింది.
కొబ్బరికాయా అది?

రాత్రి పదిన్నరకి నాలుగో అంతస్తులో
ఒకావిడ సబ్బు నురగ చేతులతో ఫోన్ పట్టుకుని ఉంటుంది.
కుళాయిలోంచి గాలి వస్తుంటుంది.
ఆమెకి అభినందనలు దేనికి?

రంగు కాగితాలు ఊడ్చేశాను.
ఆశ్చర్యార్థకాలు రెండూ తీసేశాను.
ఖాళీ అయిన చోట ఏం రాయాలో తెలియక
చాలాసేపు అలాగే కూర్చున్నాను.
కిటికీ అవతల రాయదుర్గం క్రేన్లు
ఎర్రలైట్లు వెలిగించుకున్నాయి.

రెండేళ్ళ కింద ఒకరోజంతా
ట్యాంకర్ ముందు సీట్లో తిరిగాను, డ్రైవర్ సాయిలు పక్కన.
ప్రతి అపార్ట్‌మెంట్ ముందూ అదే హారన్.
"వాచ్‌మన్ పండుకుంటడు మేడమ్, గేటు తియ్యడు.
బండి రోడ్డుమీద ఆగిందంటె ఎనకనుంచి తిట్లు.
నీళ్ళు తెచ్చెటోనికి తిట్లేంది?"

ఇలా రాశాను:
"ట్యాంకర్ బయల్దేరింది. డ్రైవర్ సాయిలు.
ఇరవై నిమిషాల్లో వస్తాడు. గేటు తీసి ఉంచండి."

మా టీమ్‌లో చిన్నవాడు ప్రణీత్ తల గోక్కున్నాడు.
"అక్కా, సింపుల్‌గా రాయమంటే అదే రాస్తుంది కదా."
రాస్తుంది.
"గేటు సంగతి దానికెవరు చెప్తార్రా?"
"ఇప్పుడు మీరు చెప్పారుగా. ఇకనుంచి దానికీ తెలుసు."
జవాబు తట్టలేదు.
మిరపకాయ బజ్జీల పొట్లం వాడివైపు తోశాను.

ఈ రాత్రి మా బ్లాకులోనూ నీళ్ళయిపోయాయి.
ప్రగతినగర్, పదకొండూ పది.
నా వాక్యమే నా ఫోన్‌కి వచ్చింది.
చెప్పులేసుకుని దిగుతూ మెట్లమీద మళ్ళీ చదివాను.
"బయల్దేరింది" తర్వాత, చుక్కకి ముందు,
ఒక ఖాళీ ఎక్కువ.

మెషీన్‌ని అనడానికి లేదు. నాదే.
వారం రోజులుగా ఊరంతా తిరుగుతోంది
ఆ ఖాళీ, ట్యాంకర్ల ముందు ముందు.
మెట్ల లైటు ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను,
పొద్దున్నే దిద్దాలి, పొద్దున్నే, అనుకుంటూ.

వీధి చివర హారన్.
గేటు ఇంకా మూసే ఉంది.